కంచ ఎవరిది? గచ్చిబౌలి అడవి నుంచి ఊరి పోరంబోకు దాకా

కంచ అనగానే ఇప్పటి వాళ్ళకు ముళ్ళతీగ గుర్తొస్తుంది. పాత హైదరాబాద్ రాజ్యపు రెవెన్యూ భాషలో కంచ అంటే పశువుల మేతకు వదిలిన గడ్డిభూమి. హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్ళ పేర్లలో ఆ మాట ఇంకా మిగిలే ఉంది: ఇమారత్ కంచ, కంచ గచ్చిబౌలి. మేత పోయింది, పేరు నిలిచింది. 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో దేశమంతా మాట్లాడుకున్న 400 ఎకరాలు ఈ కంచ గచ్చిబౌలి సర్వే నంబర్ 25లోనివే. టీవీల్లో అది అడవి. ప్రభుత్వం లెక్కలో అది ఖాళీ జాగా. రెవెన్యూ రికార్డులో కంచ, పోరంబోకు. ఒకే నేలకు మూడు పేర్లు. ఏ పేరు నెగ్గితే ఆ పేరుకు తగ్గ యజమాని వస్తాడు.

పౌరులు చెట్లనూ చెరువులనూ ఖాళీ స్థలాలనూ కాపాడుకునే పోరాటాల గురించి తెలుగులో వార్తలు చాలానే వచ్చాయి. ఆ పోరాటాల్లో వాడే చట్టాలు, రికార్డులు ఏమిటో, వాటిలో దళితుల వాటా ఎక్కడ కనిపిస్తుందో, ఎక్కడ మాయమవుతుందో ఒకచోట చెప్పే వ్యాసం కోసం మేము వెతికాం. దొరకలేదు కాబట్టి రాస్తున్నాం.

నాలుగు వందల ఎకరాల కథ

హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1974లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. ముల్కీ గొడవలు, జై ఆంధ్ర ఉద్యమం తర్వాత వచ్చిన ఆరు సూత్రాల పథకంలో అదొక భాగం. నగరానికి దూరంగా, రాళ్ళూ తుప్పలూ కుంటలూ ఉన్న 2,300 ఎకరాలకు పైగా భూమిని దానికి కేటాయించారు. ఆ భూమిని విశ్వవిద్యాలయం పేరిట బదలాయించే పని మాత్రం పూర్తి కాలేదు. ఆ ఒక్క లోపమే యాభై ఏళ్ళుగా ప్రభుత్వాలకు తలుపు తెరిచి పెట్టింది. స్టేడియం వచ్చింది, బస్ డిపో వచ్చింది, ఇతర సంస్థలు వచ్చాయి.

2003లో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఐఎంజీ భారత అనే క్రీడా సంస్థకు ఈ 400 ఎకరాలు కట్టబెట్టింది. బదులుగా గోపన్‌పల్లిలో 397 ఎకరాలు విశ్వవిద్యాలయానికి ఇచ్చామన్నది ప్రభుత్వం మాట. 2006లో తర్వాతి ప్రభుత్వం ఆ కేటాయింపును రద్దు చేసింది. కంపెనీ కోర్టుకెక్కింది. 2024 మార్చిలో తెలంగాణ హైకోర్టు, మే నెలలో సుప్రీంకోర్టు ప్రభుత్వం పక్షాన తీర్పు చెప్పాయి. ప్రైవేటు కంపెనీ నుంచి ప్రజల భూమి వెనక్కి వచ్చిందని సంతోషించేలోపే అది టీజీఐఐసీ చేతికి వెళ్ళింది. ఆ సంస్థ బాండ్ల ద్వారా దాదాపు 10,000 కోట్ల రూపాయల అప్పు తెచ్చింది. ఐటీ పార్కులు కట్టిస్తే 50,000 కోట్ల పెట్టుబడి, 5 లక్షల ఉద్యోగాలు వస్తాయని ప్రభుత్వం ప్రకటించింది. ఆ ఉద్యోగాల్లో మనవాళ్ళకు దక్కేవి ఏవో గచ్చిబౌలి టవర్ల గేటు దగ్గర పొద్దున ఆరింటికి నిలబడి చూస్తే తెలుస్తుంది.

2025 మార్చి 30, ఉగాది ఆదివారం. మరునాడు రంజాన్. వరుస సెలవుల్లో జేసీబీలు లోపలికి వచ్చాయి. అడ్డుకున్న విద్యార్థుల్లో యాభై మందికి పైగా పోలీసుల అదుపులోకి వెళ్ళారు, ఇద్దరిని రిమాండ్‌కు పంపారు. రాత్రి ఫ్లడ్‌లైట్ల వెలుగులో చెట్లు కూలడం, చీకట్లో నెమళ్ళు అరవడం ఫోన్లలో రికార్డయి బయటికి వచ్చాయి. ఏప్రిల్ 2న హైకోర్టు ఒక్కరోజు ఆపమంది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానుగా విషయం చేపట్టి, హైకోర్టు రిజిస్ట్రార్‌ను అదే రోజు అక్కడికి పంపి నివేదిక తెప్పించుకుంది. అప్పటికే సుమారు 100 ఎకరాలు చదును అయిపోయాయి. ఒక్క చెట్టు కూడా కొట్టొద్దని ఉత్తర్వు వచ్చింది. ఏప్రిల్ 16న, పోయిన అడవిని తిరిగి ఎలా పెంచుతారో చెప్పమని, లేకపోతే అధికారులు జైలుకు వెళ్ళాల్సి వస్తుందని కోర్టు హెచ్చరించింది. విద్యార్థుల మీద కేసులు ఎత్తేస్తామని ప్రభుత్వం దిగివచ్చింది. ఆగస్టు 13న కోర్టు సమగ్రమైన ప్రణాళికతో రమ్మని ఆరు వారాలు గడువిచ్చింది.

ఆ ధర్మాసనానికి నేతృత్వం వహించిన జస్టిస్ బి.ఆర్. గవాయ్ మే 14న భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. కె.జి. బాలకృష్ణన్ తర్వాత ఆ పీఠం ఎక్కిన రెండో దళితుడు ఆయన. జేసీబీల ముందు నిలబడ్డ విద్యార్థుల్లో అంబేడ్కర్ విద్యార్థి సంఘం వాళ్ళూ ఉన్నారు. 2016 జనవరిలో హాస్టల్ నుంచి గెంటేస్తే రోహిత్ వేముల, ఆయన సహచరులు వెలివాడ కట్టుకుని కూర్చున్నది కూడా ఈ క్యాంపస్ ఆరుబయటే. ఆరుబయలు అంటే ఈ విద్యార్థులకు వాకింగ్ ట్రాక్ మాత్రమే కాదు.

ఇంతవరకు గెలుపు కథే. మమ్మల్ని ఆపిన విషయం వేరు. ఏప్రిల్ 3 నాటి ఉత్తర్వులో నెమళ్ళున్నాయి, జింకలున్నాయి. మేత, కట్టెపుల్లలు, ఈతాకు, సీతాఫలం ఏరుకునే మనుషులు లేరు. క్యాంపస్‌లోని ఒక చెరువును బఫెలో లేక్ అంటారు. అక్కడ ఎవరి బర్రెలు నీళ్ళు తాగేవో, వాటిని ఎవరు కాచేవాళ్ళో ఆ వాదనల్లో ఎక్కడా రాలేదు. కంచ అన్న పేరు ఇచ్చిన వాడుకే కేసులోంచి జారిపోయింది.

రికార్డులో ‘పనికిరాని’ నేల

దొరలు, జమీందార్లు, ఆ తర్వాత కలెక్టర్లు నేలను రెండుగా చూశారు: శిస్తు వచ్చేది, రానిది. శిస్తు రానిదాన్ని పోరంబోకు, బంజరు, బంచరాయి, గైరాన్, కంచ, శిఖం అని రకరకాల పేర్లతో పక్కన పెట్టారు. హైదరాబాద్ రాజ్యంలో 1317 ఫసలీ భూమిశిస్తు చట్టం, ఆంధ్ర ప్రాంతంలో బోర్డు స్టాండింగ్ ఆర్డర్లు ఈ విభజనకు పునాది. ప్రభుత్వానికి డబ్బు రాదు కాబట్టి పనికిరాని నేల అన్న అర్థం అలా స్థిరపడింది. ఇంట్లో పనీపాటా లేకుండా తిరిగే కుర్రాణ్ణి పోరంబోకు వెధవ అని తిట్టడం ఊరికే రాలేదు.

ఈ లెక్క ఇప్పటికీ మారలేదు. కేంద్ర భూవనరుల శాఖతో కలిసి దేశపు వృథా భూముల అట్లాస్ తయారుచేసే ఎన్ఆర్ఎస్‌సీ హైదరాబాద్‌లోనే ఉంది. ఉపగ్రహ చిత్రాల్లో తుప్పలు, పొదలు ఉన్న నేల ఆ అట్లాస్‌లో వృథా భూమి కిందికి వస్తుంది. దక్కన్ పీఠభూమి సహజ రూపమే రాతి గుట్టల మధ్య ముళ్ళపొదలు, గడ్డి. అది ఎండాకాలం ఎండిపోయి, తొలకరికి పచ్చబడే అడవి. గచ్చిబౌలి క్యాంపస్‌లో రెండు వందలకు పైగా పక్షి జాతులు నమోదయ్యాయి. మర్రిసియా హైదరాబాదెన్సిస్ అని ఊరి పేరు పెట్టుకున్న సాలీడు కూడా ఉంది. అయినా టేకు, వేప నిలువుగా పెరగకపోతే ఆఫీసుల్లో కూర్చున్న వాళ్ళకు అది అడవిలా కనిపించదు.

శ్రీకాకుళం జిల్లా సోంపేట బీలకు జరిగింది కూడా ఇదే. ఏడాది పొడవునా నీళ్ళుండే తంపర భూమిని పనికిరాని నేలగా చూపి థర్మల్ కేంద్రానికి ఇచ్చారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది కూడా అదే రోజు.

ఆ నేల మీద బతికిందెవరు

వ్యవసాయ భూమి లేని కులాలకు ఊరుమ్మడి నేలే భూమి. ఇది భావుకత కాదు, లెక్క. పట్టా ఉన్న రైతు తన గట్టు మీద గడ్డి కోసుకుంటాడు. పట్టా లేని మాల, మాదిగ ఇళ్ళ ఆడవాళ్ళు గడ్డికి, కట్టెలకు బంచరాయికో గుట్టకో పోవాలి. అక్కడా పోనివ్వకపోతే ఆసామి చేనులోకి పోవాలి, ఆసామి చేనులోకి పోతే కలుపుకు పిలిచినప్పుడు రానని చెప్పే ధైర్యం ఉండదు. ఊరుమ్మడి నేల పోవడమంటే కూలి బేరమాడే బలం పోవడం.

తంగేడు సంగతి చూడండి. తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో ముందు పేర్చే పువ్వు. గుట్టల మీద, కంచల్లో తనంతట తాను మొలిచే పొద. తోలు ఊనడానికి మాదిగలు తరతరాలుగా వాడింది ఈ తంగేడు చెక్కనే. రంగారెడ్డి, వికారాబాద్ జిల్లాల్లో పరిశోధన కోసం తిరిగినప్పుడు ఒక ఊళ్ళో ఒక పెద్దాయన మమ్మల్ని లే అవుట్ రాళ్ళ మధ్యకు తీసుకెళ్ళి, చెక్క ఎక్కడ కొట్టేవాళ్ళో, తొట్లు ఎక్కడ ఉండేవో, చచ్చిన గొడ్డును ఎక్కడ కోసేవాళ్ళో కాలితో గీత గీసి చూపించారు. ఆ పని అవమానమని, పోయిందే నయమని కూడా ఆయనే అన్నారు. కానీ ఆ నేల తమ చేతిలోంచి పోయినప్పుడు ఎవరూ ఒక్క మాట అడగలేదన్న కోపం వేరే ఉంది. ఆయన చివరగా చూపించింది వాళ్ళ నాన్న సమాధి. గేటు లోపల ఉంది. పండగనాడు సెక్యూరిటీని అడిగి లోపలికి పోతారట.

మాల, మాదిగ శ్మశానాలు చాలా ఊళ్ళలో పోరంబోకులోనే ఉంటాయి, చాలా చోట్ల వాటికి విడిగా సర్వే సబ్ డివిజన్ ఉండదు. రికార్డులో లేని సమాధి జేసీబీకి మట్టిదిబ్బే.

చేతికందే చట్టాలు, వాటి అవతలి వైపు

గచ్చిబౌలి కేసును నిలబెట్టింది ఒక పాత ఉత్తర్వు. 1995లో తమిళనాడు గూడలూరు అడవుల నరికివేత మీద టి.ఎన్. గోదావర్మన్ తిరుముల్పాడ్ సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. ఆయన కేరళ నిలంబూరు రాజవంశీకుడు. ఒకప్పటి భూస్వాముల ఇంటి బిడ్డ అడవి కోసం వేసిన కేసు దేశంలో అటవీ చట్టానికి దారి చూపడం గమనించాల్సిందే. 1996 డిసెంబర్ 12న కోర్టు ఏం చెప్పిందంటే, 1980 అటవీ సంరక్షణ చట్టం ప్రకారం అడవి అంటే నోటిఫై చేసిన రిజర్వు ఫారెస్టు మాత్రమే కాదు. నిఘంటువు అర్థంలో అడవి అనిపించే ఏ నేలయినా, యజమాని ఎవరైనా, అడవే. అలాంటి నేలలను గుర్తించడానికి ప్రతి రాష్ట్రం నిపుణుల కమిటీ వేయాలి.

2023లో కేంద్రం ఆ చట్టాన్ని సవరించి ఈ అర్థాన్ని కుదించింది. 2024 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు, తుది తీర్పు వచ్చేదాకా నిఘంటువు అర్థమే పాటించాలంది. 2025 మార్చి 4న, కమిటీలు వేసి ఆరు నెలల్లో గుర్తింపు పూర్తి చేయాలని, లేకపోతే ప్రధాన కార్యదర్శులదే బాధ్యతని చెప్పింది. తెలంగాణ కమిటీ మార్చి 15న ఏర్పడింది. మార్చి 30న జేసీబీలు వచ్చాయి. ఏది అడవో తేల్చాల్సిన కమిటీ పని మొదలుపెట్టకముందే ఇంత తొందర ఏమిటన్నది కోర్టు అడిగిన అసలు ప్రశ్న. ఏ జిల్లాలోనైనా ఉద్యమకారులు ముందు అడగాల్సింది ఈ కమిటీ జాబితానే. మీ ఊరి గుట్ట అందులో ఉందా? లేకపోతే ఎందుకు లేదు? సమాచార హక్కు దరఖాస్తుకు ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు.

2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా, ప్రకారం చెట్టు కొట్టడానికి ముందస్తు అనుమతి కావాలి. అయితే సుబాబుల్, నీలగిరి లాంటి కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. మినహాయింపు జాతులే కొట్టామని రాసేస్తే అక్కడున్న వేప, మోదుగ లెక్కలోకి రావు. అందుకే చెట్లు నిలబడి ఉన్నప్పుడే జాతుల వారీగా ఫొటోలతో లెక్క తీసి పెట్టుకోవాలి. మరో మెలిక: జాతీయ హరిత ట్రిబ్యునల్ విచారించగలిగే ఏడు చట్టాల జాబితాలో వాల్టా లేదు, వన్యప్రాణి చట్టమూ లేదు. అటవీ సంరక్షణ చట్టం, పర్యావరణ పరిరక్షణ చట్టం, జీవవైవిధ్య చట్టం ఉన్నాయి. వివాదం పుట్టిన ఆరు నెలల్లో దరఖాస్తు చేయాలి. తగిన కారణం చూపితే మరో అరవై రోజులు. తెలుగు రాష్ట్రాల కేసులు చెన్నై బెంచికి వెళ్తాయి. గడువు దాటిపోయాక మా దగ్గరికి వచ్చే పోరాటాలే ఎక్కువ.

ఊరుమ్మడి నేలకు పెద్ద అండ 2011 జనవరి 28 నాటి జగ్‌పాల్ సింగ్ తీర్పు. పంజాబ్‌లో పటియాలా దగ్గర ఒక ఊరి చెరువును పూడ్చి ఇళ్ళు కట్టిన కేసది. గ్రామ ఉమ్మడి భూముల మీది ఆక్రమణలన్నీ తొలగించే పథకాలు వేయమని సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. చాలామంది ఈ తీర్పును అక్కడిదాకానే చదువుతారు. అందులోనే ఒక మినహాయింపు ఉంది: ప్రభుత్వ నోటిఫికేషన్ కింద భూమిలేని కూలీలకు, ఎస్సీ ఎస్టీలకు ఇచ్చిన భూములు, అప్పటికే బడి, ఆసుపత్రి లాంటివి ఉన్న స్థలాలు క్రమబద్ధీకరించవచ్చు. ఆ వాక్యాన్ని ప్రతి వినతిపత్రంలో ఎత్తి రాయాలి. లేకపోతే చెరువును కాపాడే పేరుతో ముందు కూలేది దళితవాడ గుడిసె. 2024 సెప్టెంబర్‌లో మూసీ ఒడ్డున పేదల ఇళ్ళ మీద ఆర్‌బీ-ఎక్స్ అని ఎర్ర అక్షరాలు రాసినప్పుడు హైదరాబాద్ దీన్ని కళ్ళారా చూసింది.

అడవి అన్న మాటకూ ఇలాంటి అవతలి వైపే ఉంది. గోదావర్మన్ కేసు వెనుకే 2002 మే 3న కేంద్ర పర్యావరణ, అటవీ శాఖ ఆక్రమణదారులను ఖాళీ చేయించమని రాష్ట్రాలకు రాసింది. దేశమంతటా ఆదివాసుల, దళితుల గుడిసెలు కూల్చారు, కొన్ని చోట్ల ఏనుగులతో తొక్కించి మరీ. ఆ గాయంలోంచే 2006 అటవీ హక్కుల చట్టం పుట్టింది. ఆ చట్టంలోనూ షెడ్యూల్డ్ తెగలకు ఒక లెక్క, మిగతా వాళ్ళకు ఒక లెక్క. అడవిని నమ్ముకుని బతికే దళితుడు 2005 డిసెంబర్ 13 నాటికి మూడు తరాలు, అంటే 75 ఏళ్ళుగా అక్కడే ఉన్నట్టు రుజువు చూపాలి. 1930లో తాత అక్కడున్నాడని కాగితం తెమ్మంటే, చదువును మూడు తరాల పాటు దాచిన వ్యవస్థే ఆ కాగితం అడుగుతోందని గుర్తుంచుకోవాలి. అయితే పెద్దల వాంగ్మూలాన్ని కూడా సాక్ష్యంగా తీసుకోవాలని నిబంధనల్లో ఉంది. ఆ సంగతి మండలాఫీసులో ఎవరూ చెప్పరు.

ఇక్కడే ఒక అవకాశం కూడా ఉంది. ఆ చట్టంలో అటవీ భూమి నిర్వచనంలోకి వర్గీకరించని అడవులు, అడవిగా భావించదగ్గ నేలలు కూడా వస్తాయి. అంటే నిఘంటువు అర్థంలో అడవి అని తేలిన కంచ మీద మేతకు, అటవీ ఫలసాయానికి, సంరక్షణకు సామూహిక హక్కు అడిగే దారి కనీసం గ్రామసభలున్న చోట తెరుచుకుంటుంది. పర్యావరణ సంఘాల వాళ్ళు మొదటి సగం వాదిస్తున్నారు. రెండో సగం వాదించాల్సింది మనం.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని ఈ సందర్భంలో ఎవరూ తలుచుకోరు. 2015 సవరణతో సెక్షన్ 3(1)లో చేరిన (జెడ్ఏ) క్లాజు ప్రకారం, ఊరుమ్మడి వనరులను, శ్మశానాన్ని, చెరువును, దారిని ఇతరులతో సమానంగా వాడుకోకుండా దళితులను అడ్డుకోవడం నేరం. అది అమల్లోకి వచ్చింది 2016 జనవరి 26న, రోహిత్ చనిపోయిన తొమ్మిది రోజులకు. శ్మశానానికి పోయే దారి మీద గోడ కట్టిన రియల్ ఎస్టేట్ వ్యాపారి మీద ఈ క్లాజు కింద ఫిర్యాదు రాయొచ్చు. స్టేషన్‌లో సివిల్ తగాదా అని పంపేస్తారు. రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి.

పంచాలా, ఉంచాలా

మన ఉద్యమంలోనే ఉన్న ఒక చిక్కును దాచి ఈ వ్యాసం రాయలేం. దళిత ఉద్యమం చరిత్రలో ఉమ్మడి నేల గురించి రెండు కోరికలు ఉన్నాయి. ఒకటి, అందరిదీ అయిన దాంట్లో మాకూ వాటా కావాలన్నది. 1927 మార్చి 20న మహాడ్ చవదార్ చెరువు నీళ్ళు తాగినప్పుడు అంబేడ్కర్ అడిగింది అదే. ఆ చెరువు మా సొంతం, ప్రజలది కాదని అగ్రకులాల వాళ్ళు దావా వేస్తే పదేళ్ళు నడిచి 1937లో బొంబాయి హైకోర్టులో ఓడిపోయారు. ఉమ్మడి ఆస్తిని సొంత ఆస్తిగా చూపే విద్య కొత్తదేమీ కాదు.

రెండోది, ఆ నేలను మాకు పంచమన్నది. దాదాసాహెబ్ గైక్వాడ్ నాయకత్వంలో 1964 డిసెంబర్‌లో రిపబ్లికన్ పార్టీ మొదలుపెట్టిన భూమి సత్యాగ్రహంలో లక్షల మంది జైళ్ళకు వెళ్ళింది బంజర్లను భూమిలేని వాళ్ళకు ఇవ్వమనే. తెలంగాణలో లావణి పట్టాలు, ఆంధ్రలో డీ-ఫారం పట్టాలు ఈ రెండో కోరికకు దొరికిన కొద్దిపాటి జవాబు. ఆ భూములను కొనడం, అమ్మడం నిషేధిస్తూ 1977లో 9వ నంబరు చట్టం వచ్చింది.

కాబట్టి బంచరాయిని కాపాడదాం రమ్మని పర్యావరణవాదులు దళితవాడకు వచ్చినప్పుడు, మాకు రెండెకరాలు ఇప్పిస్తారా అని ఎవరైనా అడిగితే అది అజ్ఞానం కాదు. ఆ ప్రశ్న వెనుక అరవై ఏళ్ళ ఉద్యమం ఉంది. పంజాబ్‌లో దీనికి మధ్యేమార్గం ఒకటి కనిపిస్తుంది. 1961 గ్రామ ఉమ్మడి భూముల చట్టం కింద పంచాయతీ సాగుభూమిలో మూడో వంతు కౌలును ఎస్సీలకు రిజర్వు చేశారు. చాలా ఊళ్ళలో జాట్ రైతులు దళితుల పేరిట బినామీ పాటలు పాడుకునేవాళ్ళు. 2014 నుంచి జమీన్ ప్రాప్తి సంఘర్ష్ కమిటీ సంగ్రూర్ ప్రాంతంలో ఆ వాటాను దళితులు కలిసి పాడి, కలిసి సాగు చేసేలా పోరాడుతోంది. నేల ఉమ్మడిగానే ఉంటుంది, వాడకం మీద పట్టు మాత్రం చేతిలో ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో మేత భూముల మీద ఇలాంటి రిజర్వేషన్ అడిగిన ఉద్యమం మాకు కనిపించలేదు.

మా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాం. పంచడమా, ఉంచడమా అన్న తగాదాలో పేదలు ఒకరితో ఒకరు పడుతుండగా ప్రభుత్వం రెండింటినీ తీసుకుంది. అసైన్డ్ భూమిని ప్రజా ప్రయోజనం పేరుతో వెనక్కి గుంజింది, మేత భూమిని పారిశ్రామిక సంస్థలకు రాసింది. అసైన్డ్ భూమి తీసుకుంటే పట్టాదారుతో సమానంగా నష్టపరిహారం ఇవ్వాలని 2004లో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. ఆ కేసు పుట్టింది గచ్చిబౌలికి ఎంతో దూరం లేని చేవెళ్ల డివిజన్‌లోనే. ఇరవై ఏళ్ళ తర్వాత 2024 నవంబర్‌లో లగచర్లలో ఫార్మా కోసం భూములు అడిగినప్పుడు లంబాడీలు, దళితులు ఎందుకు తిరగబడ్డారో ఈ తీర్పు ఎలా అమలవుతోందో చూస్తే అర్థమవుతుంది. అక్కడా సేకరణ నోటిఫికేషన్‌ను ప్రభుత్వం నవంబర్ నెలాఖరులో వెనక్కి తీసుకుంది. అదే వికారాబాద్ జిల్లాలో దామగుండం అడవి 2,900 ఎకరాలు మాత్రం నౌకాదళ వీఎల్ఎఫ్ సమాచార కేంద్రానికి వెళ్ళాయి. 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన అయిపోయింది. పోయిన అడవికి బదులు మరోచోట మొక్కలు నాటుతారు. ఆ మరోచోటు తరచూ ఇంకో ఊరి పశువులు మేసే నేలే అవుతుంది.

కాగితాలు ముందే

జేసీబీ వచ్చాక పరిగెత్తేది కోర్టుకు. రాకముందు పరిగెత్తాల్సింది తహసీల్దారు ఆఫీసుకు. ఊరి నక్షా, సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ, ఆ తర్వాతి పహాణీల నకళ్ళు తీసుకోవాలి. వాటిలో ఆ సర్వే నంబరు వర్గం ఏ ఏడాది, ఎవరి ఉత్తర్వుతో మారిందో చూస్తే సగం కథ బయటపడుతుంది. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత జాబితాలో ఆ నంబరు ఉందో లేదో, ఎప్పుడైనా తీసేశారో అడగాలి. ధరణి పోయి 2025 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి నాడు, భూ భారతి వచ్చింది. పోర్టల్ ఏదైనా కొత్త రికార్డు పాత తప్పును నిజం చేయగలదు కాబట్టి కంప్యూటర్ ప్రింటును మాత్రమే నమ్మొద్దు.

విద్యార్థులకు ఇంకో పని ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థకు జీవవైవిధ్య నిర్వహణ కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. చాలా చోట్ల రిజిస్టర్లు ఒక ఊరిది ఇంకో ఊరికి నకలు కొట్టినట్టుంటాయి. పక్షులు, ఔషధ మొక్కలు రాస్తారు. ఈతాకు చీపురు కట్టేది ఎవరు, తంగేడు చెక్క కొట్టింది ఎవరు, బర్రెలు ఏ దారిన పోయేవి, ఎండాకాలం ఏ కుంటలో చివరిదాకా నీళ్ళుంటాయి అన్నవి రాయరు. ఇవి చెప్పగలిగిన వాళ్ళు వాడలో ఉన్నారు. గ్రామసభ రచ్చబండ దగ్గర కాకుండా వాడలో కూర్చుని రాసుకుంటే రిజిస్టరు వేరేగా వస్తుంది. పేర్లు, తారీఖులు, సంతకాలు, వేలిముద్రలతో రాసిన ఆ పేజీలు రేపు అటవీ హక్కుల దరఖాస్తులోనూ ట్రిబ్యునల్‌లోనూ పనికొస్తాయి.

సమాధుల దగ్గర మొదలుపెట్టమని మా సలహా. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఒక్కో సమాధి దగ్గర ఫొటో తీసి, ఎవరిదో, ఏ ఏడాదిదో ఇంటివాళ్ళను అడిగి రాసుకుని, నక్షా మీద గుర్తు పెట్టి, సర్వే సబ్ డివిజన్ కోసం తహసీల్దారుకు దరఖాస్తు ఇవ్వాలి. ఒక్క ఆదివారం పని. నలుగురు చాలు.